గేమ్ ఆఫ్ థ్రోన్స్: రచయిత దాచిన కథను పాఠకులు ఎలా కనిపెట్టారు?

(గమనిక: నవలల్లోనూ, టీవీ సిరీస్‌లోనూ ఉన్న కీలక రహస్యాలు ఈ కథనంలో బయటపడతాయి.)

డేవిడ్ బెనియాఫ్, డి.బి. వైస్ అనే ఇద్దరు రచయితలు ఒకరోజు లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్‌ను కలిశారు. ఆయన ఫాంటసీ నవలలను టీవీ సిరీస్‌గా తీసేందుకు అనుమతి కావాలన్నది వారి కోరిక. గంటల తరబడి మాట్లాడుకున్నాక మార్టిన్ వారిని ఓ ప్రశ్న అడిగారు. జాన్ స్నో తల్లి ఎవరు?

అప్పటికి వచ్చిన ఏ పుస్తకంలోనూ దానికి జవాబు లేదు. అయినా వాళ్లు సరైన పేరే చెప్పారు. పుస్తకాలు జాగ్రత్తగా చదివారన్న నమ్మకం కుదిరాకే మార్టిన్ సరేనన్నారు. అలా మొదలైన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సిరీస్ 2011 నుంచి 2019 వరకు ఎనిమిది సీజన్లు నడిచింది.

ఎక్కడా రాయని జవాబు వారికి ఎలా తెలిసింది? అందులో వారి గొప్పదనం కొంతే. 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' వరుసలో మొదటి నవల 1996లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదికే కొందరు పాఠకులు ఈ రహస్యాన్ని ఛేదించి చర్చకు పెట్టారు. టీవీ ప్రేక్షకులకు అది తెలిసింది మాత్రం 2016 జూన్‌లో. అంటే, దాదాపు 19 ఏళ్ల పాటు ఈ రహస్యం కొందరికి తెలిసిన సంగతి, మిగతావాళ్లకు కట్టుకథ.

ఇలాంటి ఊహలను అభిమానులు 'ఫ్యాన్ థియరీ' అంటారు. చాలా థియరీలు పొద్దుపోని కబుర్లే. కానీ మార్టిన్ నవలల్లో కొన్ని ఉపకథలు అసలు పైకి కనిపించవు. వాటిని పాఠకుడే ముక్కలు ఏరుకుని అతికించుకోవాలి. ఆయన రాసే పద్ధతే అలాంటిది.

అబద్ధం ఆడని మనిషి ఆడిన అబద్ధం

ఉత్తరాది ప్రభువు నెడ్ స్టార్క్. ప్రాణం పోయినా మాట తప్పడని పేరు. యుద్ధానికి వెళ్లి, ఒక పసిబిడ్డతో తిరిగొచ్చాడు. వాడు తన అక్రమ సంతానమని చెప్పాడు. పేరు జాన్ స్నో. తల్లి ఎవరని భార్య అడిగితే మండిపడ్డాడు తప్ప చెప్పలేదు.

ఆ యుద్ధానికి కారణంగా లోకం చెప్పుకునే కథ వేరే ఉంది. యువరాజు రేగర్ టార్గేరియన్, నెడ్ చెల్లెలు లియానాను ఎత్తుకుపోయాడు. ఆమెను పెళ్లాడాల్సిన రాబర్ట్ తిరుగుబాటు చేసి, రేగర్‌ను చంపి, సింహాసనం ఎక్కాడు. లియానా కూడా చనిపోయింది. ఎలా చనిపోయిందో ఎవరూ వివరంగా చెప్పరు.

పాఠకులు కనిపెట్టిన సూత్రం పొట్టిది: 'ఆర్ ప్లస్ ఎల్ ఈక్వల్స్ జె'. రేగర్, లియానాల బిడ్డే జాన్. నెడ్ అతనికి తండ్రి కాదు, మేనమామ.

ఆధారాలు ఒక్కచోట లేవు. గాయంతో జ్వరం వచ్చిన నెడ్‌కు ఓ పాత జ్ఞాపకం కలలో వస్తుంది. కొండల మధ్య ఒంటరిగా ఉన్న ఒక బురుజు ముందు రాజరక్షక దళానికి చెందిన ముగ్గురు మేటి వీరులు కాపలా ఉంటారు. రాజు చనిపోయాడు, యువరాజూ చనిపోయాడు. రాజవంశాన్ని కాపాడతామని ప్రమాణం చేసిన వాళ్లు ఆ మారుమూల ఎవరిని కాపాడుతున్నట్టు? నెడ్ వెంట ఆరుగురు వెళితే, పోరాటం ముగిశాక ప్రాణాలతో మిగిలింది నెడ్, హౌలండ్ రీడ్ ఇద్దరే. ఆ హౌలండ్ రీడ్ ఇంతవరకు వచ్చిన ఐదు పుస్తకాల్లో ఒక్కసారి కూడా మన ముందుకు రాడు. సాక్షిని బతికించి, తెర వెనకే ఉంచేశారన్నమాట.

నీలి గులాబీల సంగతి ఇంకో ఆధారం. ఒక పోటీలో గెలిచిన రేగర్, పక్కనే ఉన్న భార్యను దాటుకుని వెళ్లి లియానాకు నీలి గులాబీల కిరీటం ఇచ్చాడు. రెండో పుస్తకంలో డెనేరిస్‌కు కనిపించే దృశ్యాల్లో మంచుగోడ పగుల్లోంచి ఒక నీలిపువ్వు పూస్తుంది. జాన్ అప్పటికి ఉన్నది ఉత్తరాన ఉన్న మంచుగోడ దగ్గరే. ఒక్క వాక్యం కూడా దాన్ని వివరించదు.

అన్నిటికంటే సూక్ష్మమైనది నెడ్ ఆలోచనల్లోనే ఉంది. తెలియని ఒక పిల్లవాడి ప్రాణం ఒకవైపు, తన బిడ్డల ప్రాణాలు మరోవైపు ఉంటే తానేం చేస్తానని అతను ఒకచోట తనను తాను ప్రశ్నించుకుంటాడు. అప్పుడు ఐదుగురి పేర్లు తలచుకుంటాడు. ఆ వరుసలో జాన్ పేరు ఉండదు. తర్వాతి ప్రశ్నలో, విడిగా వస్తుంది.

నెడ్ ఎందుకు దాచాడన్న ప్రశ్నకు కూడా కథలోనే జవాబుంది. రేగర్ పిల్లల శవాలను తెచ్చి ముందు పెడితే రాబర్ట్ బాధపడలేదు. జాన్ ఎవరి కొడుకో తెలిస్తే ఏమయ్యేదో నెడ్‌కు బాగా తెలుసు. చెల్లెలికి ఇచ్చిన మాట కోసం తన పరువును, భార్య మనశ్శాంతిని పణంగా పెట్టాడు. ఈ థియరీ పాతికేళ్లకు పైగా నిలబడటానికి అసలు కారణం ఇదే. అది జాన్‌ను రాజకుమారుణ్ని చేస్తుంది, నిజమే. కానీ అంతకంటే ముఖ్యంగా నెడ్‌ను మళ్లీ చదివిస్తుంది.

తల లోపల ఉండి కూడా దాచడం

మన కావ్యాల పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. కర్ణుడు కుంతి కొడుకని మహాభారతం చదివేవారికి ముందే తెలుసు. కర్ణుడికే తెలియదు, పాండవులకు తెలియదు. మన బాధంతా ఆ తెలిసి ఉండటంలోంచే పుడుతుంది. మార్టిన్ ఆ జ్ఞానాన్ని పాఠకుడికి ఇవ్వరు, లాక్కోమంటారు.

అందుకు ఆయన ఎంచుకున్న సాధనం, ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో పాత్ర కళ్లతో చెప్పడం. మొదటి నవలలో ప్రారంభ అధ్యాయాన్ని పక్కనపెడితే ఎనిమిది మంది ఇలా కథ చెబుతారు. ఆ పాత్రకు తెలియనిది మనకూ తెలియదు. పాత్ర చూసి కూడా అర్థం చేసుకోనిది మాత్రం మనకు అందుతుంది. ఉపకథలన్నీ దాక్కునేది ఆ సందులోనే.

నెడ్ విషయంలో మాత్రం ఒక చిక్కు ఉంది. అతనికి నిజం తెలుసు, మనం అతని తలలోనే ఉన్నాం. అయినా చెప్పకపోవడం మోసం కాదా అని అడిగినవాళ్లు ఉన్నారు. కథ మొదలయ్యేనాటికి జాన్‌కు 14 ఏళ్లు. అన్నేళ్లు ఒక విషయాన్ని మనసులోకి రానివ్వకుండా తోసేయడం అలవాటైన మనిషి, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా దాన్ని పూర్తి వాక్యంగా అనుకోడు. ఇది మోసం కంటే మనుషుల తీరుకే దగ్గరగా ఉంది.

'కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు' అన్న ప్రశ్న 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా తిరగడం తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడూ లెక్కలేనన్ని ఊహలు వచ్చాయి. కానీ అక్కడ ప్రశ్న వేసింది సినిమా తీసినవాళ్లే, జవాబు కోసం టికెట్ కొనమన్నదీ వాళ్లే. మార్టిన్ నవలల్లో కొన్నిచోట్ల అసలు ప్రశ్న ఉందన్న సంగతే పాఠకుడు గమనించడు. వంట గురించి వచ్చే తర్వాతి ఉదాహరణ అలాంటిదే.

పెళ్లి విందులో మూడు పైలు

మూడో నవల 2000లో వచ్చింది. అందులో బ్రాన్ అనే పిల్లవాడు తన స్నేహితులకు ఒక పాత భయానక కథ చెబుతాడు. ఒక వంటవాడు రాజు మీద పగతో అతని కొడుకును చంపి, ఆ మాంసాన్ని పిండి పొరలో కూరి పైగా కాల్చి, ఆ రాజుకే వడ్డిస్తాడు. దేవతలు ఆ వంటవాణ్ని తెల్లని ఎలుకగా మార్చేస్తారు. హత్య చేసినందుకు కాదు, ఆ మాంసం పెట్టినందుకూ కాదు. తన కప్పు కింద ఉన్న అతిథిని చంపినందుకు.

అదే నవలలో ఫ్రే వంశంవారు పెళ్లి విందుకు పిలిచి అతిథులను ఊచకోత కోస్తారు. 'రెడ్ వెడ్డింగ్'గా ప్రసిద్ధమైన ఘట్టం ఇది. చచ్చిపోయినవారిలో వైమన్ మాండర్లీ అనే ఉత్తరాది ప్రభువు కొడుకు ఒకడు. ఆ గందరగోళంలో ఆ పేరు ఎవరికి గుర్తుంటుంది?

ఐదో నవల 2011లో వచ్చింది. ఆ కొడుకు ఎముకలు పట్టుకుని ముగ్గురు ఫ్రేలు మాండర్లీ ఇంటికి వస్తారు. ఆయన వాళ్లకు మర్యాదలు చేస్తాడు. వెళ్లేటప్పుడు తలా ఒక గుర్రం కానుకగా ఇస్తాడు. ఆ ముగ్గురూ దారిలో కనిపించకుండా పోతారు. తర్వాత ఇంకో పెళ్లికి మాండర్లీ మూడు పెద్ద పైలు చేయించి తెస్తాడు. ఫ్రేలకు తన చేత్తో వడ్డిస్తాడు. తానూ ఒక్కో పై నుంచి రెండేసి ముక్కలు తింటాడు. తాగిన మైకంలో, ఆ ఎలుక వంటవాడి పాట పాడమని గాయకుణ్ని అడుగుతాడు.

ఇంతే. ముగ్గురు ఏమయ్యారో పుస్తకం చెప్పదు. పైలలో ఉన్నది పంది మాంసమని చెబుతుంది. ఆ అధ్యాయం థియోన్ కళ్లతో నడుస్తుంది, చిత్రహింసలతో సగం చచ్చిన మనిషి అతను. అతనికి ఒక లావుపాటి ప్రభువు ఆబగా తినడం మాత్రమే కనిపిస్తుంది.

పాఠకులు పట్టుకున్నది గుర్రాల సంగతి. ఆ లోకంలో అతిథికి వీడ్కోలు కానుక ఇస్తే ఆతిథ్య బంధం తీరిపోయినట్టే. అంటే మాండర్లీ పగ తీర్చుకున్నాడు కానీ, ఫ్రేలు చేసిన పాపం తాను చేయలేదు. 11 ఏళ్ల ముందు ఒక పిల్లవాడి కథలో చెప్పిన నియమాన్ని అక్షరాలా పాటించాడు. (అతిథి కోరాడని కన్నకొడుకునే వండిపెట్టిన చిరుతొండ నంబి కథను శ్రీనాథుడి 'హరవిలాసం'లో చదివినవాళ్లకు, అతిథి ధర్మం ఎంత భయంకరమైన చోటుకైనా తీసుకెళ్లగలదని వేరే చెప్పనక్కర్లేదు.)

టీవీ సిరీస్ ఈ పైని వదులుకోలేదు. 2016 జూన్ 26న ప్రసారమైన ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఆర్యా ఆ వంటకాన్ని వాల్డర్ ఫ్రేకు పెట్టి, లోపల ఏముందో చెప్పి మరీ గొంతు కోస్తుంది. జాన్ పుట్టుక రహస్యం తేలిందీ ఆ ఎపిసోడ్‌లోనే. చూడటానికి దృశ్యం బ్రహ్మాండంగా ఉంది. కానీ కానుక లేదు, నియమం లేదు, ఎవరూ గమనించకపోవడం లేదు. వంటకం మిగిలింది, ఉపకథ పోయింది.

పాఠకులు ముందే కనిపెడితే రచయిత ఏం చేయాలి?

కొందరు పాఠకులు తాను దాచిన సూచనలను కలిపి సరైన జవాబుకు చేరుకున్నారని మార్టిన్ 2014లో ఎడిన్‌బరాలో జరిగిన సాహిత్య ఉత్సవంలో ఒప్పుకున్నారు. కథను మార్చేయాలా అని తాను తర్జనభర్జన పడ్డానని, మార్చకూడదనే నిర్ణయించుకున్నానని చెప్పారు. అప్పటికే నాటిన సూచనలన్నీ ఒకే జవాబు వైపు చూపిస్తుంటే, ఆశ్చర్యపరచడం కోసం జవాబు మారిస్తే వెనకటి పుస్తకాలన్నీ అబద్ధమైపోతాయన్నది ఆయన వాదన.

ఈ వాదనకు బలమైన సాక్ష్యం ఒకటి 2015లో బయటికొచ్చింది. 1993లో ఆయన తన ఏజెంటుకు రాసిన కథా ప్రణాళిక అది. అప్పుడది మూడు పుస్తకాల కథ. జాన్, ఆర్యా ప్రేమలో పడతారని కూడా అందులో ఉంది. ఇలాంటివెన్నో తర్వాత కొట్టుకుపోయాయి. కానీ జాన్ అసలు తల్లిదండ్రులెవరో చివరి పుస్తకంలో తేలుతుందన్న మాట మాత్రం ఆ ఉత్తరంలోనే ఉంది. ముందే గీసుకున్న పటం ప్రకారం కట్టే మేస్త్రీని కాదు, విత్తనం నాటి ఎలా ఎదుగుతుందో చూసే తోటమాలినని మార్టిన్ తన గురించి చెప్పుకుంటారు. ఆ తోటలో ఈ ఒక్క మొక్క చోటు మారలేదు.

అలాగని అభిమానుల ప్రతి ఊహా నిజం కాదు. మంచుగోడ అవతల నల్లటి చేతులతో తిరిగే 'కోల్డ్‌హ్యాండ్స్' అనే వింత మనిషి ఉన్నాడు. కనిపించకుండా పోయిన బెంజెన్ స్టార్కే అతనని చాలామంది గట్టిగా నమ్మారు. మార్టిన్ రాతప్రతులు టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలోని కుషింగ్ లైబ్రరీలో ఉన్నాయి. ఐదో నవల ప్రతిలో ఆయన ఎడిటర్ కూడా ఇదే అనుమానం పక్కన రాశారు. దానికి మార్టిన్ చేతిరాతతో ఒక్క మాట జవాబు ఉంది: కాదు. తమాషా ఏమిటంటే, టీవీ సిరీస్ ఆ పాత్ర పనిని బెంజెన్‌కే అప్పగించింది.

వేరిస్ అనే గూఢచారి నిజానికి జలమానవుడని ఒక థియరీ ఉంది. సగం సరదాకే చెబుతారు, కానీ దానికీ పేజీ నంబర్లతో సహా ఆధారాలు చూపిస్తారు. వేల పేజీల పుస్తకంలో దేనికైనా ఆధారం దొరుకుతుంది. అందుకే ఎన్ని ఆధారాలున్నాయన్నది మంచి కొలబద్ద కాదు. ఆ ఊహ నిజమైతే ఏ పాత్ర చేసిన పని ఎలా మారి కనిపిస్తుందన్నది చూడాలి. నెడ్ మౌనం, మాండర్లీ గుర్రాలు అలా మారి కనిపిస్తాయి. వేరిస్‌కు తోక ఉంటే మాత్రం ఏమీ మారదు.

అనువాదంలో బయటపడే గుట్టు

దాచిన కథలు అనువాదకులకు పెట్టే పరీక్ష గురించి తక్కువ మాట్లాడతారు. హ్యారీ పాటర్ ఆరో పుస్తకం 2005లో వచ్చినప్పుడు చివర్లో 'ఆర్.ఎ.బి.' అని సంతకం చేసిన చీటీ ఒకటి దొరుకుతుంది. అది రెగ్యులస్ బ్లాక్ అని ఇంగ్లిష్ పాఠకులు ఊహించారంతే. డచ్ అనువాదంలో బ్లాక్ కుటుంబం ఇంటిపేరు జ్వార్ట్స్, అందుకని చీటీ మీద చివరి అక్షరం 'జెడ్' అయింది. నార్వే భాషలో అది 'ఎస్' అయింది. ఆ రెండు పుస్తకాలు పక్కన పెట్టుకుని చూసినవాళ్లకు ఊహించాల్సిన పనే లేకపోయింది. 2007లో ఏడో పుస్తకం దాన్నే ఖాయం చేసింది.

మార్టిన్ విషయంలో కష్టం ఇంకా ఎక్కువ. 'హోడోర్' అని తప్ప మరో మాట రాని పాత్ర పేరు, తలుపును పట్టుకో అనే ఇంగ్లిష్ మాట అరిగి అరిగి తయారైందని 2016లో టీవీలో తేలింది. అప్పటికి ఎన్నో భాషల్లో ఆ పేరును అలాగే ఉంచి పుస్తకాలు అచ్చేశారు. ఏ మాట సూచనో, ఏది మామూలు మాటో తెలియకుండా ముగియని కథను అనువదించడం అంటే ఇదే.

మిగిలిపోయిన కుర్రాడు

ఐదో నవలలో ఒక కుర్రాడు వస్తాడు. పసితనంలోనే చంపేశారని అందరూ నమ్మిన రేగర్ కొడుకు ఏగాన్‌ను తానేనంటాడు. అతని వెనక గోల్డెన్ కంపెనీ అనే కిరాయి సైన్యం ఉంది. ఆ సైన్యాన్ని స్థాపించింది టార్గేరియన్ల శత్రుశాఖ అయిన బ్లాక్‌ఫైర్‌ల మద్దతుదారుడు. టార్గేరియన్ల జెండా మీద ఎర్ర డ్రాగన్, బ్లాక్‌ఫైర్‌ల జెండా మీద నల్ల డ్రాగన్ ఉంటాయి.

2005లో వచ్చిన నాలుగో నవలలో ఒక సత్రం కథ ఉంది. సత్రం గుర్తుగా వేలాడే నల్లని ఇనుప డ్రాగన్‌ను ముక్కలు చేసి నదిలో పారేస్తారు. ఏళ్ల తర్వాత దాని తల ఒకటి ఒడ్డుకు కొట్టుకొస్తుంది, తుప్పు పట్టి ఎర్రగా. ప్రయాణంలో కాలక్షేపానికి చెప్పుకునే ముచ్చటలా వచ్చి వెళ్లిపోతుంది అది. ఆ కుర్రాడు ఎర్ర రంగు వేసుకున్న నల్ల డ్రాగనేనని, అంటే రేగర్ కొడుకు కాదని చాలామంది అభిమానులు నమ్మడానికి ఇదొక కారణం. కాదనేవాళ్లకూ గట్టి వాదన ఉంది. చావబోతున్న మనిషితో వేరిస్ ఆ కుర్రాణ్ని ఏగాన్ అనే చెబుతాడు. చావబోయేవాడితో అబద్ధం ఆడాల్సిన అవసరం ఏముంది?

టీవీ సిరీస్ ఈ కుర్రాణ్ని పూర్తిగా తీసేసింది. పైగా ఏగాన్ అన్న పేరును 2017లో జాన్ స్నోకు ఇచ్చేసింది. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు ఆరో నవల 'ది విండ్స్ ఆఫ్ వింటర్'లోనే దొరకాలి. అది పూర్తి కాలేదని మార్టిన్ 2016 జనవరిలో ప్రకటించారు. ఆ తర్వాత సిరీస్ ముగిసింది, దానికి పూర్వకథగా మరో సిరీస్ కూడా మొదలైంది. నవల మాత్రం రాలేదు. 1948లో పుట్టిన మార్టిన్ ఏడో నవల కూడా రాయాల్సి ఉంది.

జాన్ తల్లి పేరు తెరమీదైనా వినిపించింది. మాండర్లీ పగ, ఆ కుర్రాడి పుట్టుక ఇప్పటికి పాఠకులు చెప్పుకునే కథలుగానే ఉన్నాయి. 1993 నాటి ఆ ఉత్తరాన్ని ప్రచురణ సంస్థ బయటపెట్టినప్పుడు చివరి భాగాన్ని నల్ల రంగుతో కొట్టేసింది. ఫొటోను పెద్దది చేసి, వెలుతురు పెంచి, ఆ నలుపు కింద ఏముందో చదవడానికి ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు.